పావు చుట్టు

శనివారం పొద్దున్న 7.30. గ్యారేజీ షట్టరు సగం ఎత్తి ఉంది. ఆ సందులోంచి పొగమంచు నేలబారుగా లోపలికి పాకుతోంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో, అందులోనూ సముద్రం వైపున్న ఈ ఇన్నర్ సన్‌సెట్ పేటలో, జులై అంటే ఇదే. స్వెట్టర్ లేకుండా గుమ్మం దాటలేం. వీధి చివర ఎన్-జూడా ట్రామ్ ఇర్వింగ్ స్ట్రీట్ నుంచి నైన్త్ అవెన్యూలోకి తిరుగుతూ పట్టాల మీద కీచుమంటోంది.

కాంక్రీటు నేల మీద పాత తువ్వాలు పరిచాను. దాని మీద నా లాంగ్‌బోర్డు బోర్లా పడుకుని ఉంది. స్కేట్‌బోర్డుల్లో పొడుగు రకం. మేపుల్ చెక్క పొరలు అతికించి చేసిన 38 అంగుళాల పలక. మూడేళ్ళుగా ఊళ్ళో తిరగడానికి నా వాహనం ఇదే. కూరలకీ, లైబ్రరీకీ, ఏమీ తోచని సాయంత్రం సముద్రం దాకా వెళ్ళి రావడానికీ. ఈమధ్య దీని మీద పది నిమిషాలు నిలబడితే చాలు, అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. తారు మీది ప్రతి గరుకూ మోకాలి దాకా వస్తోంది. మలుపు తిప్పాలంటే ఒంటి బరువంతా ఒక పక్కకి వెయ్యాల్సి వస్తోంది. ముందు ట్రక్కు తిరిగినప్పుడల్లా పాత తలుపులా కిర్రుమంటోంది.

బోర్డుకీ చక్రాలకీ మధ్య ఉండే లోహపు ఇరుసు సామగ్రిని ట్రక్కు అంటారు. ముందొకటి, వెనకొకటి. ఇవాళ ఆ రెంటినీ విప్పి సరిచెయ్యాలి.

మా చిన్నోడు పక్కనే పీట వేసుకు కూర్చుని కాఫీ ఊదుకుంటున్నాడు. అక్క కొడుకు. శాన్‌హోజేలో మెకానికల్ ఇంజినీరింగ్ మాస్టర్స్ చేస్తున్నాడు. రాత్రే కాల్‌ట్రెయిన్‌లో వచ్చాడు.

"ఇంత అవస్థ ఎందుకు పిన్నీ? కొత్త ట్రక్కులు కొనెయ్. ఇప్పుడు సీఎన్‌సీ మెషీన్ మీద కోసినవి వస్తున్నాయి. వెన్నలా పోతాయి."

"ఈ పాతవాటిలో ఏది చెడిందో తెలుసుకోకుండా కొత్తవి కొంటే, మూడేళ్ళకి అవీ ఇలాగే అవుతాయిరా. ముందు విప్పి చూద్దాం. ఆ పానా ఇలా ఇవ్వు."

అరచేతిలో ఇమిడే టీ ఆకారపు పానా అది. మూడు కొనలకీ మూడు గూళ్ళు. ట్రక్కు భాగాల్ని కలిపి పట్టే కింగ్‌పిన్ను నట్టుకి 9/16 అంగుళం, చక్రాల నట్లకి అరంగుళం, పలకని పట్టి ఉంచే బోల్టుల నట్లకి 3/8 అంగుళం. లాంగ్‌బోర్డు మొత్తం విప్పడానికి ఇదొకటీ, బోల్టు తల పట్టుకునే స్క్రూడ్రైవరొకటీ ఉంటే చాలు.

ముందు ట్రక్కుతో మొదలుపెట్టాను. కింగ్‌పిన్ను నట్టు మొదటి చుట్టు మొరాయించింది, తర్వాత గరగరమంటూ వదిలింది. నట్టు లోపలి అంచున తెల్లటి నైలాను వలయం ఉంటుంది. పిన్ను మరలు ఆ నైలానులోకి కోసుకుంటూ వెళ్ళాలి. అలా పట్టుకుంటేనే ఎంత అదిరినా నట్టు ఊడిరాదు. నట్టు తీశాను, వాషరు తీశాను, కింది బుష్ తీశాను. హ్యాంగరు, అంటే ఇరుసుని మోసే అల్యూమినియం పోత, చేతిలోకి వచ్చేసింది. దాని వెనకాల పై బుష్, ఇంకో వాషరు.

అమెరికాలో వీటిని బుషింగ్ అంటారు. నాకు మాత్రం బుష్ అనే నోటికొస్తుంది. రాజమండ్రిలో నాన్న చేతక్ స్కూటర్ బాగుచేసే మెకానిక్ నోట విన్న మాట. "బుష్ పోయిందమ్మా, అందుకే ఆ గడగడ" అనేవాడు. రబ్బరు ముక్కని బొటనవేలి గోటితో నొక్కి, గాటు పడి మళ్ళీ ఉబ్బిందంటే పక్కన పెట్టేవాడు. ఉబ్బకపోతే పారేసేవాడు. నేనూ అలాగే నొక్కి చూశాను. నా పాత బుష్ మీద గాటే పడలేదు. ఎండిన వక్కలా ఉంది. అంచున సన్నటి పగుళ్ళు. నలిపితే పసుపు పచ్చటి పొడి రాలింది.

"చూశావా? నా మోకాలికి వస్తున్న అదురు ఇదే."

చిన్నోడు కాఫీ కప్పు కింద పెట్టి దగ్గరికి జరిగాడు. ఆ ముక్కని వెలుతురులోకి పట్టుకు చూశాడు. "మొత్తం ట్రక్కులో ఒంగేది ఇదొక్కటే కదా పిన్నీ. మిగతాదంతా దాదాపు లోహమే."

అసలు సంగతి అదే. పలక ఒక పక్కకి ఒరిగితే హ్యాంగరు ఈ యూరిథేన్ ముక్కల్ని నలుపుకుంటూ తిరుగుతుంది. ముందు ఇరుసు ఒరిగిన వైపుకీ, వెనక ఇరుసు దానికి ఎదురువైపుకీ తిరిగి బోర్డు మలుపు తీసుకుంటుంది. స్టీరింగూ ఇదే, స్ప్రింగూ ఇదే. ఒరిగితే తిరిగే చక్రాలు అనే ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. 1863లో న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ అనే ఆయన రోలర్ స్కేట్లకి పేటెంటు తీసుకున్నాడు. వాటి చక్రాల పైన రబ్బరు మెత్త పెట్టాడు. అంతకుముందు స్కేట్లు తిన్నగా పోయేవే తప్ప ఒంటి ఒరుగుతో తిరిగేవి కావు. ఇవాళ నా చేతిలో ఉన్న చిన్న గుండ్రటి ముక్క ఆ రబ్బరు మెత్తకి వారసురాలు.

కొత్త బుష్‌ల పొట్లం విప్పాను. వీటిలో రెండు ఆకారాలున్నాయి. పీపాలా నిటారుగా ఉండేది బ్యారెల్. కొనకి సన్నబడేది కోన్. బ్యారెల్‌లో రబ్బరు ఎక్కువ కాబట్టి ఒరుగుని ఆపుతుంది, నిలకడనిస్తుంది. కోన్ తేలిగ్గా ఒరగనిస్తుంది. వాటి మీద అచ్చుకొట్టిన అంకె గట్టిదనం. 78A అంటే మెత్తన, 95A అంటే గట్టి. నా పాతవి 90A. నా బరువు 56 కిలోలు. నాకంటే పాతిక కిలోలు ఎక్కువున్న మనిషికి సరిపోయే గట్టిదనాన్ని మూడేళ్ళు కాళ్ళతో నలుపుతూ తిరిగానన్నమాట.

ముందు ట్రక్కుకి పలక వైపున 81A బ్యారెల్, నేల వైపున 81A కోన్ ఎంచుకున్నాను. పలక వైపు ముక్క మీదే బరువు ఎక్కువ పడుతుంది, అందుకే అక్కడ బ్యారెల్. నేల వైపు వాషరు కూడా మార్చాలి. పాతది గిన్నెలా అంచులు లేచి ఉంది. ఆ అంచులు బుష్‌ని పక్కకి ఉబ్బనివ్వకుండా బిగపట్టి ఉంచుతాయి. దాని బదులు చదును వాషరు వేస్తే, ఒరిగినప్పుడు రబ్బరుకి సాగే చోటు దొరుకుతుంది. మలుపు ఒక్కసారిగా గోడకి తగిలినట్టు ఆగిపోదు.

"వెనకకీ ఇవేనా?" చిన్నోడు అడిగాడు.

"వెనక 85A, రెండు వైపులా బ్యారెల్. తిప్పేది ముందు ట్రక్కు. వెనకది దాని వెంట రావాలి కానీ తనే ముందుపడకూడదు."

బుష్‌లు పెట్టేముందు పివట్ కప్పు చూడాలి. హ్యాంగరు ముక్కు వెళ్ళి కూర్చునే చిన్న ప్లాస్టిక్ గిన్నె అది. ఆ కిర్రుమనే చప్పుడుకి పుట్టిల్లు ఇదే. దూది పుల్లతో తుడిస్తే నల్లటి మడ్డి, ఇసుక వచ్చింది. సముద్రపు గాలి ఉన్న ఊరు, ఇసుక రాక మానదు. ఇందులో నూనె పొయ్యకూడదు. ఆ జిడ్డుకి మళ్ళీ ఇసుక పట్టుకుంటుంది. ఎండు సబ్బు బాగా పనిచేస్తుంది. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తెచ్చుకున్న మైసూర్ శాండల్ సబ్బుని చాకుతో రెండు పెచ్చులు గీసి గిన్నెలో వేశాను. హ్యాంగరు ముక్కు పెట్టి అటూ ఇటూ పదిసార్లు తిప్పాను. కిర్రు మాయమైంది. గ్యారేజీలో ఇనుము వాసన మీదుగా గంధం వాసన తేలింది.

"అమ్మమ్మ స్నానాల గది వాసన" అన్నాడు చిన్నోడు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

తర్వాత చక్రాలు. ఒక్కో చక్రంలో రెండేసి బేరింగులు, మొత్తం ఎనిమిది. 608 అనే రకం. లోపలి రంధ్రం 8 మి.మీ., బయటి వ్యాసం 22, వెడల్పు 7. వెనక ఎడమ చక్రం తిప్పితే సన్నగా రాపిడి వినిపిస్తోంది. బేరింగు పాడైందనుకున్నాను. ఊడదీసి చూస్తే బేరింగు బంగారంలా ఉంది. ఇరుసు మీద ఉండాల్సిన పల్చటి వాషరు ఒకటి లేదు. చక్రానికి లోపల ఒకటి, బయట ఒకటి ఉండాలి. ఎప్పుడో చక్రం మార్చినప్పుడు జారి పడిపోయుంటుంది. అది లేకపోవడంతో బేరింగు అంచు నేరుగా హ్యాంగరుకి రాసుకుంటోంది. అల్యూమినియం మీద వెండి గీతలా గుండ్రటి గాడి పడింది. చిన్న డబ్బాలోంచి కొత్త వాషరు తీసి ఎక్కించాను. రెండు బేరింగుల మధ్య 10 మి.మీ. స్పేసరు గొట్టం ఉందో లేదో నాలుగింటిలోనూ చూసుకున్నాను. అది ఉంటే నట్టు బిగించినా బేరింగుల లోపలి వలయాల మీద పక్క ఒత్తిడి పడదు. బిగించి చక్రం తిప్పాను. చప్పుడు లేదు. సన్నటి గాలి ఊదినట్టు తిరిగి తిరిగి, తనంతట తనే ఆగింది.

చివరిగా పలకకీ ట్రక్కుకీ మధ్య పెట్టే మెత్త. రైజరు అంటారు. రెండు వారాల కింద పావు అంగుళం మందం రైజర్లు వేసి చూశాను. అదురు తగ్గింది కానీ పలక ఎత్తు పెరిగింది. నేలని తన్నే కాలు అంత మేర ఎక్కువ దిగాలి, అంటే నిలబడే కాలి మోకాలు ప్రతి తోపుకీ అంత ఎక్కువ ఒంగాలి. రెండు మైళ్ళకే తొడ పట్టేసింది. ఊళ్ళో తిరిగేవాళ్ళకి పలక నేలకి దగ్గరగా ఉండటం కూడా సుఖమే. అందుకని ఇవాళ అందులో సగం మందం, 3 మి.మీ. మెత్తటి రబ్బరు రైజర్లు. ఇవి వేశాక పాత బోల్టుల కొనలు నైలాను వలయం దాకా రాలేదు. నైలాను పట్టని నట్టుని నమ్మకూడదు. ఆ మందం రైజర్ల కోసం కొన్న ఒకటిన్నర అంగుళం బోల్టులు ఎనిమిది ఉన్నాయి, అవి వేశాను. ఒక మూల తర్వాత ఎదురు మూల, కొంచెం కొంచెంగా బిగించాను. మెత్తటి రైజరుని పిప్పి అయ్యేలా నొక్కేస్తే అది మెత్తగా ఉండి ఏం లాభం? బోల్టు తల పలక మీది గరుకు కాగితంతో సమానంగా కూర్చోగానే ఆపేశాను.

ఇప్పుడు కింగ్‌పిన్ను నట్లు. వాషరు చేత్తో తిప్పితే తిరగనంత వరకు బిగించి, అక్కడినుంచి ఇంకో అర చుట్టు. ముందూ వెనకా ఒకే లెక్క. నట్టు అంచు నుంచి పిన్ను కొన మీదుగా ఎర్రటి గోళ్ళరంగుతో సన్నటి గీత గీశాను. నట్టు వదులైతే గీత విరుగుతుంది, కంటికి కనబడిపోతుంది.

"వెనక ఇంకొంచెం బిగించాలేమో పిన్నీ" చిన్నోడు అనుమానంగా అన్నాడు.

"85A పెట్టాం కదరా. ఎక్కి చూద్దాం."

*

హెల్మెట్, మణికట్టు గార్డులు. సంచీలో పానా. చిన్నోడు అద్దె సైకిల్ తీసుకున్నాడు. లింకన్ వే దాటి గోల్డెన్ గేట్ పార్కులోకి అడుగుపెట్టేసరికి 9 దాటింది. పొగమంచు చెట్ల నడుముల దాకా పైకి లేచింది. తారు తడిగా ఉంది కానీ నీళ్ళు నిలవలేదు.

మొదటి తోపు. రెండోది. కాలు పైకి తీసుకుని నిలబడ్డాను.

నిశ్శబ్దం. కింద రోడ్డు ఉంది, దాని గరుకు తెలుస్తోంది, కానీ అది అరికాలికి కబురులా అందుతోంది, దెబ్బలా కాదు. కుడి మడమ మీద కొంచెం బరువేశాను. పలక ఒరిగింది. ఆ ఒరుగు ఎక్కడా తట్టుకోకుండా మలుపుగా మారింది. బరువు తీయగానే మళ్ళీ నెమ్మదిగా నిటారుకొచ్చింది. పట్టుకున్న చెయ్యి వదిలాక ఉయ్యాల మధ్యకి వచ్చినట్టు. మూడేళ్ళలో ఈ బోర్డు మీద నా పాదానికి ఇలా జవాబు రావడం ఇదే మొదలు.

జేఎఫ్‌కే డ్రైవ్ మీదకి వచ్చాం. ఇక్కడ కార్లుండవు. 2020లో కోవిడ్ రోజుల్లో ఈ దారి తూర్పు భాగాన్ని మూసి మనుషులకిచ్చారు. 2022 నవంబరులో ఊరి జనం ఓటేసి దాన్ని అలాగే ఉంచేశారు. పిల్లల సైకిళ్ళు, పరుగెత్తేవాళ్ళు, కుక్కల గొలుసులు పట్టుకున్న పెద్దవాళ్ళు. సిక్స్త్ అవెన్యూ దగ్గర రోలర్ స్కేటర్ల స్థలంలో ఇంకా సంగీతం మొదలవలేదు. ఒకావిడ ఒక్కతే తనలో తను పాడుకుంటూ గుండ్రంగా తిరుగుతోంది. 1879లో తెరిచిన పూల అద్దాలమేడ ఎడమవైపు తెల్లగా కనబడుతోంది. నేను రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకి పెద్ద పెద్ద వంపులు గీసుకుంటూ పోతున్నాను.

చిన్నోడు పక్కకొచ్చాడు. "పిన్నీ, నీకు తెలుస్తోందా? చప్పుడు మారింది. ఇదివరకు గిలక్కాయలా ఉండేది. ఇప్పుడు ఒకటే హోరు, సన్నగా."

వాడికి చెవిలో తెలిసింది, నాకు పాదంలో.

స్టాన్యన్ దాటి ప్యాన్‌హ్యాండిల్ దారిలో పడ్డాం. యూకలిప్టస్ వాసన. అక్కడక్కడ చెట్ల వేళ్ళు తారుని కిందనుంచి ఉబ్బించాయి. ఈ ఉబ్బుల దగ్గర నేనెప్పుడూ బోర్డు దిగి నడిచేదాన్ని. ఇవాళ మోకాళ్ళు వదులు చేసి ఉండిపోయాను. ముందు చక్రాలు ఎక్కి దిగాయి, వెనక చక్రాలు ఎక్కి దిగాయి. ఒక్కో ట్రక్కూ తన కుదుపు తనే తాగేసింది. ఒక రాయి కూడా చక్రం కింద పడింది. టక్ మని పక్కకి చిమ్మింది.

ఆ రాయి దగ్గర నిజంగా ఆగి దణ్ణం పెట్టాల్సిన మనిషి ఒకాయన ఉన్నాడు. 1970లకి ముందు స్కేట్‌బోర్డు చక్రాలు 'క్లే' అని పిలిచే గట్టి మిశ్రమానివీ, లోహానివీ. శనగగింజంత రాయి అడ్డొస్తే చక్రం అక్కడే ఆగేది, మనిషి ముందుకి ఎగిరిపడేవాడు. ఫ్రాంక్ నాస్‌వర్దీ అనే కుర్రాడు వర్జీనియాలో ఒక ఫ్యాక్టరీలో తయారవుతున్న యూరిథేన్ చక్రాలు చూశాడు. వాటిని కాలిఫోర్నియాకి తెచ్చి, క్యాడిలాక్ వీల్స్ అన్న పేరుతో స్కేట్‌బోర్డులకి అమ్మాడు. ఆ మెత్తటి పదార్థం రాయి మీద కాస్త అణిగి, దాన్ని దాటేస్తుంది. నేను వాడేవి 70 మి.మీ. వ్యాసం, 78A మెత్తదనం. వీధుల్లో తిరగడానికి ఇవి చాలు. చక్రం పెద్దదైన కొద్దీ గతుకు చిన్నదవుతుంది.

బేకర్ దగ్గర ఓక్ స్ట్రీట్ మీదకి. మూడు బ్లాకులు, పక్కన కార్లు. స్కాట్ దగ్గర కుడికి తిరిగాం. ఇక్కడినుంచి మొదలయ్యే మెలికల దారిని ఈ ఊళ్ళో అందరూ విగిల్ అంటారు. స్కాట్, హైట్, పియర్స్, వాలర్, స్టైనర్, డుబోస్. కుడికి ఒకటి, ఎడమకి ఒకటి, మళ్ళీ కుడికి. మొత్తం ఒక మైలు ఉంటుంది. చుట్టూ నిచ్చెనల్లాంటి కొండవీధులున్నా ఈ దారి వాలు ఎక్కడా 6 శాతం దాటదు. కారణం పటంలో దొరకదు. ఒకప్పుడు ఈ లోయలో ఏరు పారేది. దాన్ని ఎప్పుడో పూడ్చి పైన రోడ్లేశారు. కొండల మధ్య అన్నిటికన్నా నెమ్మదైన దారి ఏదో ఆ నీళ్ళే వెతికి పెట్టాయి. సైకిళ్ళూ బోర్డులూ ఇప్పటికీ ఆ నీళ్ళ వెనకే పోతున్నాయి.

హైట్ మీద ఎడమకి తిరిగాను. ఒకే ఒక్క బ్లాకు, పల్లం. తోపు అక్కర్లేదు. వేగం దానంతటదే వస్తోంది. ఇల్లిల్లూ దాటిపోతోంది. కింద రోడ్డు మీద ఏదో తవ్వి మళ్ళీ పూడ్చిన అతుకు. ముందు చక్రాలు దాటాయి. వెనకవి దాటుతుంటే పలక వెనక కొస కొద్దిగా ఎడమకి జరిగింది. వెంటనే కుడికి. మళ్ళీ ఎడమకి, ఈసారి ఇంకొంచెం ఎక్కువ.

తోక ఊగుతోంది.

ఇది మొదలైతే మనసు చెప్పేది ఒకటి, చెయ్యాల్సింది మరొకటి. మనసు వెనక్కి వాలమంటుంది, బిగుసుకోమంటుంది. వెనక్కి వాలితే బరువు వెనక ట్రక్కు మీద పడుతుంది, ఊగులాట ఇంకా పెరుగుతుంది. పంటి బిగువున బరువంతా ముందు కాలి మీదకి నెట్టాను. మోకాలు వంచాను. భుజాలు వదులు చేశాను. రెండు ఊపులు... మూడోది చిన్నదైంది. వెనక కాలు నెమ్మదిగా దించి బూటు అడుగు తారు మీద ఆనించాను. రబ్బరు అడుగు బర్రుమంటూ రాసుకుంది. పియర్స్ మూల దగ్గర ఆగాను.

చెవుల్లో నా గుండె కొట్టుకోవడం వినిపిస్తోంది. చిన్నోడు సైకిల్ పడేసినంత పని చేసి పరుగెత్తుకొచ్చాడు.

"పిన్నీ! బాగానే ఉన్నావా?"

"ఉన్నాన్రా. నువ్వు చెప్పిందే నిజం. వెనక బిగువు చాల్లేదు."

వాడు నావైపు చూశాడు కానీ 'చెప్పాను కదా' అనలేదు. సంచీలోంచి పానా తీసి చేతికిచ్చాడు.

కాలిబాట అంచున కూర్చుని బోర్డు ఒళ్ళో పెట్టుకున్నాను. పొద్దుట గ్యారేజీలో నేను చేసిన పొరపాటు ఇప్పుడు తెలుస్తోంది. మూడేళ్ళ గట్టిదనంతో విసిగిపోయి, హాయి అంటే మెత్తదనమే అనుకున్నాను. అదెక్కడ ఉంటే అక్కడ మంచిదే అనుకున్నాను. అది నిజం కాదు. రోడ్డుని తాకే చక్రం మెత్తగా ఉండాలి. పలక కింది రైజరు మెత్తగా ఉండాలి. దారి వెతికే ముందు ట్రక్కు మెత్తగా ఉండాలి. ఆ దారిని వదలకుండా వెంట వచ్చే వెనకది మాత్రం గట్టిగా నిలబడాలి. అది నిలబడితేనే ముందుదానికి ధైర్యంగా ఒరిగే వీలు. బుష్ గట్టిదనం పొద్దుటే ఎంచుకున్నాను. మిగిలింది నట్టు.

పానా పెట్టాను. పావు చుట్టు. అంతే. చేతి మణికట్టు ఒక్కసారి తిరిగినంత. ఎర్రటి గీత విరిగి, నట్టు మీది ముక్క పక్కకి జరిగింది. రెండు చేతులతో పలక పట్టుకుని అటూ ఇటూ వంచి చూశాను. ముందు ట్రక్కు ఇందాకట్లాగే ఒరుగుతోంది. వెనకది ఒక క్షణం ఆలోచించి వస్తోంది.

ముందుదాన్ని ముట్టుకోలేదు. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది మంచి చేసిందో ఎప్పటికీ తెలియదు.

"మళ్ళీ పైకెళ్ళి దిగుతావా?" చిన్నోడి గొంతులో ఇంకా భయం ఉంది.

"అదే పల్లం, అదే అతుకు. అక్కడే చూడాలి. నువ్వు ఇక్కడే ఉండి చూడు."

బోర్డు చంకన పెట్టుకుని స్కాట్ మూల దాకా నడిచాను. సైకిళ్ళ గుంపొకటి దాటిపోయే వరకు ఆగాను. రోడ్డు ఖాళీ. ఎక్కాను. వేగం అలాగే వచ్చింది. ఇళ్ళు అలాగే వెనక్కి జరుగుతున్నాయి. అతుకు వస్తోంది. ఊపిరి బిగపట్టకూడదని నాకు నేనే చెప్పుకున్నాను. ముందు చక్రాలు దాటాయి. టక్. వెనక చక్రాలు. టక్. పలక కింద ఒక చిన్న కదలిక మొదలవబోయి, మనసు మార్చుకున్నట్టు అక్కడే ఆగిపోయింది. నేను తిన్నగా ఉన్నాను. కొంచెం ఎడమకి, కొంచెం కుడికి ఒరిగాను, కావాలనే. రెండు వంపులూ నేను గీసినట్టే వచ్చాయి.

చిన్నోడు రెండు చేతులూ పైకెత్తి అరుస్తున్నాడు. ఆగలేదు నేను. చెయ్యి చాచి మలుపు చూపిస్తూ పియర్స్‌లోకి కుడికి తిరిగాను. వాలర్ మీద ఎడమకి. మళ్ళీ పల్లం. స్టైనర్ మీద కుడికి. డుబోస్ మీద ఎడమకి. ఒక్కో మూల దగ్గరా ఒళ్ళు ముందే తెలుసుకుని ఒరుగుతోంది. పలక దాని వెంటే ఒరుగుతోంది. రోడ్డు కింద ఎక్కడో పూడుకుపోయిన ఆ ఏరు ఒకప్పుడు ఇలాగే వంపు తిరిగి ఉంటుంది, రాయికి తట్టుకోకుండా, పక్కగా జారుకుంటూ.

చర్చ్ స్ట్రీట్ దగ్గర ట్రామ్ పట్టాలు రోడ్డంతా అల్లుకుపోయి ఉన్నాయి. ఎంత మెత్తటి చక్రమైనా పట్టాల గాడితో పందెం వెయ్యకూడదు. దిగి, బోర్డు చేత్తో పట్టుకుని దాటాను. చిన్నోడు సైకిల్‌ని స్టాండులో పెట్టి వచ్చాడు. తిరుగు దారికి ఎన్-జూడా ఎక్కాం.

ట్రామ్ సొరంగంలోకి దూరింది. కిటికీలు నల్లబడ్డాయి. బోర్డుని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాను. ఎదురు సీట్లో పదేళ్ళ పాప చక్రాన్నే చూస్తోంది. నేను తలూపగానే వేలితో ఒకసారి తిప్పింది. ఆగే దాకా కళ్ళార్పకుండా చూసింది.

చిన్నోడు ఒంగి వెనక నట్టు మీది గోళ్ళరంగు పరికించాడు. పిన్ను మీద ఒక ముక్క, పావు చుట్టు పక్కన నట్టు మీద ఇంకో ముక్క.

"గీత సరిచెయ్యాలి కదా పిన్నీ. ఇంటికెళ్ళాక పాతది చెరిపేసి కొత్తది గీస్తాను."

"కొత్తది గియ్యి" అన్నాను. "పాతది మాత్రం చెరపకు. గ్యారేజీలో నేను అనుకున్నది ఎక్కడో, దారి చెప్పింది ఎక్కడో, రెండూ కనబడుతూ ఉండాలి."

సొరంగం అయిపోయింది. కోల్ వ్యాలీ వెలుతురు ఒక్కసారిగా లోపలికి వచ్చింది. పొగమంచు విడిపోయింది. నా వేళ్ళకి ఇంకా గంధం సబ్బు వాసన.